పట్టా ఎవరి పేరున, ఫోన్ నంబరు ఎవరిది

సభకు వచ్చిన అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్లకు, వెనక వరసల్లో కూర్చున్న అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

మార్చి నెల వచ్చిందంటే ధీరవనితల ఫొటోలకు దండలు పడతాయి. వేయాల్సిందే, కాదనను. కానీ ఆ ఫొటోలో ఉన్న మనిషి ఏ చెక్క భూమి కోసం నిలబడింది, ఏ సర్టిఫికెట్ కోసం తిరిగింది, ఆమె వెనక ఎవరు నిలబడ్డారు అన్నది చెప్పం. "ధైర్యవంతురాలు" అని ఒక్క మాట అనేసి మైకు పక్కవాళ్లకి ఇచ్చేస్తాం. ఇవాళ నేను ఆ భూమి, ఆ కాగితాల గురించే మాట్లాడతాను. కాస్త లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

ముందు చాకలి ఐలమ్మ. పాలకుర్తిలో నాలుగెకరాలు సాగు చేసింది. ఆ భూమి ఆమె సొంతం కాదు, కౌలుది. మల్లంపల్లి దొరల దగ్గర తీసుకున్నది. విసునూరు దేశ్‌ముఖ్ ఆ పంట తనదన్నాడు, కోసుకు రమ్మని మనుషుల్ని పంపాడు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు, మన ఊళ్లలో 'సంఘం' అనేవారే, వాళ్లు అడ్డం నిలబడ్డారు. పంట ఐలమ్మ ఇంటికి చేరింది. కేసూ ఆమె పక్షానే తేలింది. చిత్రం ఏమిటంటే మనం రోకలి పట్టుకున్న ఐలమ్మ బొమ్మ గీస్తాం, చుట్టూ ఉన్న సంఘాన్ని గీయం, కౌలు మాట అసలే ఎత్తం. ఆ రెండూ లేకపోతే ఆ రోజు ఆ నాలుగెకరాల పంట దేశ్‌ముఖ్ గడికి పోయేదే కదా.

కౌలు దగ్గరే ఒక్క నిమిషం ఆగుదాం. ఈ రోజుకీ రెండు రాష్ట్రాల్లో కౌలుకు చేసే ఆడవాళ్లు ఎందరో. కౌలు మాట నోటిమాటగా పోతుంది. పంట పోయిన ఏడాది నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడుతుంది? కాగితంలో పేరున్న వాళ్ల ఖాతాలో. తెలంగాణలో రైతుబంధు పట్టాదారుకు వెళ్లింది గానీ కౌలుదారుకు కాదు, అందరికీ తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. దాని గడువు 11 నెలలు, భూ యజమాని సంతకం కావాలి. "కార్డు మీద సంతకం పెడితే భూమి పోతుంది" అని యజమాని భయపడతాడు. పోదు. ఆ పత్రం పంట మీద హక్కుకే గానీ భూమి మీద హక్కుకు పనికిరాదని చట్టంలోనే ఉంది. ఆ మాట ఆయనకు ముందే వివరంగా చెప్పి ఒప్పించుకోవాలి. ఇంకో పొరపాటు ఇంట్లోనే జరుగుతుంది. నాట్లు వేసేది, కలుపు తీసేది ఆమె, పత్రం మాత్రం భర్త పేరున తీసుకుంటారు. దరఖాస్తు రాసేటప్పుడే "సాగు చేసేది ఎవరు" అన్న చోట ఆమె పేరు రాయించండి.

తరవాత దుర్గాబాయి. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపిన పిల్ల అని అందరూ చెబుతారు. బాగా అరిగిపోయిన కథ, వదిలేద్దాం. నాకు అంతకంటే పెద్దదిగా కనిపించేది వేరే ఉంది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ బంధంలోంచి బయటికి వచ్చింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లింది, వచ్చాక బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా రాసింది. ఆ తరవాత ఇంటర్, ఆనర్స్, మద్రాసులో లా. తను నడిచిన దారిలోనే మద్రాసులో తెలుగు అమ్మాయిల్ని కూర్చోబెట్టి అదే బెనారస్ మెట్రిక్‌కు చదివించింది. ఆంధ్ర మహిళా సభ అట్లా మొదలైంది. రాజ్యాంగ సభలో కూర్చుంది, హిందూ కోడ్ బిల్లు నాడు ఆడపిల్లకు ఆస్తి హక్కు కావాలని గట్టిగా మాట్లాడింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక, బడి మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకు రెండేళ్లలో పరీక్షకు తయారుచేసే సంక్షిప్త కోర్సులు పెట్టించింది.

ఆ కోర్సుల్లాంటి దారి ఈ రోజూ తెరిచే ఉంది. 14 ఏళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టవచ్చు. జాతీయ ఓపెన్ స్కూల్లో అయితే ఒకసారి కట్టిన నమోదుకు ఐదేళ్ల గడువు, ఆ లోపు తొమ్మిది విడతలు పరీక్ష రాసే వీలు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు, ఈ విడత రెండు, వచ్చే విడత మూడు. చాలామంది ఆగిపోయేది చదువు రాక కాదు. స్కూలు మానేసిన కాగితంలో పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి, పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు మూడోది. అక్కడ ఫారం వెనక్కి వస్తుంది, ఉత్సాహం చల్లారిపోతుంది. కట్టడానికి మూడు నెలల ముందే ఆధార్‌ను స్కూలు కాగితానికి సరిపెట్టించుకోండి. స్కూలు కాగితం దిద్దించడం కష్టం, ఆధార్ దిద్దించడం సులువు.

కాగితం మాట వచ్చింది కాబట్టి అయ్యలసోమయాజుల లలిత గారిని తలుచుకుందాం. 15 ఏళ్లకు పెళ్లి, 18 ఏళ్లకు భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. నాన్నగారు పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయన ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, పైనుంచి అనుమతి తెచ్చి, కూతుర్ని చేర్పించారు. ఆడపిల్లను చేర్చుకోవడం ఆ కాలేజీకి అదే మొదలు. పట్టా అచ్చు వేసిన కాగితంలో 'అతడు' అనే ఉంటే, దాన్ని కొట్టేసి 'ఆమె' అని రాసి ఇచ్చారు. తరవాత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, సిమ్లాలో ఉద్యోగం, ఆపైన కలకత్తాలో ఒక కంపెనీలో డిజైన్ ఇంజనీరు. భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల రూపకల్పనలో ఆమె పనిచేసింది. మరి పాప? కలకత్తాలో సోదరుడి కుటుంబం ఉంది కాబట్టి ఆ ఉద్యోగం సాగింది. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. ఒంటరిగా బిడ్డను పెంచుతూ ఉద్యోగం చేసే ఏ మనిషికైనా జీతం ఎంత ముఖ్యమో, సాయంత్రం ఏడింటి దాకా పిల్లను చూసే చెయ్యి అంతే ముఖ్యం. ఉద్యోగం వెతికేటప్పుడు జీతం అడుగుతారు, ఆఫీసు నుంచి ఇంటికి ఎంత సేపని చూసుకోరు. అద్దె రెండు వేలు ఎక్కువైనా సరే, పిల్లను చూసే వాళ్ల ఇంటి పక్కనే ఇల్లు తీసుకోండి.

ఇప్పుడు నెల్లూరు జిల్లా, దూబగుంట. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. రాత్రి బడిలో చదువుకునే వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, సారా ఇల్లు ఎట్లా కూల్చిందో చెప్పేది. అది చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణం ముందు నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు అట్లా బయటికి వచ్చింది. జిల్లా జిల్లా అంటుకుని 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్లింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. పత్రికల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది, "ఓడిపోయారు" అని.

నేను అట్లా అనుకోను. సారా మానిపించిన ఆ నెల్లూరు ఊళ్లలోనే పొదుపులక్ష్మి మొదలైంది, రోజుకో రూపాయి. నిన్నటిదాకా దుకాణానికి పోయిన రూపాయిల్లో ఒకటి సంఘం డబ్బాలో పడింది. ఈ రోజు డ్వాక్రా అని, పొదుపు సంఘం అని మనం అంటున్న దానికి వేళ్లు చాలావరకు అక్కడున్నాయి. నిషేధం పోయింది, సంఘం మిగిలింది.

సంఘం ఎట్లా నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో చూద్దాం. పంచసూత్రాలు మీ అందరికీ కంఠతా వచ్చు. వేళకు సమావేశం, వేళకు పొదుపు, లోపల అప్పులివ్వడం, వేళకు వాయిదా, వేళకు పుస్తకం. పది మంది నెలకు 200 చొప్పున వేస్తే ఏడాదికి 24,000. దాన్ని బ్యాంకులో ఊరికే ఉంచితే సంఘం సంఘం కాదు. అందులోంచి ఒకరికి 5,000 నూటికి రూపాయి వడ్డీకి ఇస్తే నెలకు 50 వస్తుంది, ఏడాదికి నూటికి 12. బయట ఐదు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 250, ఏడాదికి నూటికి 60. 'ఐదు రూపాయలు' అంటే చిన్నగా వినిపిస్తుంది, 60 శాతం అంటే గుండె ఆగుతుంది. రెండూ ఒకటే. అప్పు అడిగే ముందు ఎప్పుడూ ఏడాదికి మార్చి చూసుకోండి.

కూలేది ఎక్కువగా ఐదో సూత్రం దగ్గర, పుస్తకం దగ్గర. తీర్మానం పుస్తకంలో ఖాళీ పేజీ మీద అందరి చేతా ముందే సంతకాలు పెట్టించుకుంటారు, "లీడరమ్మ రాసుకుంటుందిలే" అని. ఆరు నెలల తరవాత బ్యాంకు నోటీసు వస్తుంది, ఎన్నడూ తీసుకోని అప్పు మీ పేరున ఉందని. కాబట్టి తీర్మానం ముందు రాయాలి, పైకి చదవాలి, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి, రాసింది అయిపోయిన చోట అడ్డగీత గీయాలి, ఆ గీత కిందనే సంతకాలు. లీడర్లను రెండేళ్లకోసారి మార్చండి, ఎంత మంచి మనిషైనా సరే. మంచి మనిషిని మారిస్తే ఆమెకూ విశ్రాంతి.

ఇంకోటి. పాస్‌బుక్ అమ్మ పేరున ఉంటుంది. దానికి కట్టిన ఫోన్ నంబరు కొడుకుది. ఏటీఎం కార్డు భర్త పర్సులో ఉంటుంది. ఓటీపీ కొడుకు ఫోన్‌కు వస్తుంది. అప్పుడు ఆ ఖాతా ఎవరిదమ్మా? పింఛను, పథకం డబ్బు, సంఘం అప్పు, అన్నీ ఆ ఖాతాకే వస్తాయి, తీసిన సంగతి ఆమెకు తెలిసేది పుస్తకం అచ్చు వేయించినప్పుడే. దీనికి ఖర్చేమీ లేదు. మీ పేరున ఒక సిమ్ తీసుకోండి, చిన్న బటన్ ఫోన్ అయినా చాలు. ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని మీ బ్రాంచికి మీరే వెళ్లి నంబరు మార్పు ఫారం ఇవ్వండి, ఎస్సెమ్మెస్ వస్తోందో లేదో వంద రూపాయలు వేసి అక్కడే చూసుకుని రండి. ఇంట్లో అలిగితే అలగనివ్వండి, రెండు రోజుల్లో సర్దుకుంటారు.

ఇక ఆడపిల్ల వాటా. ఈ విషయంలో మన దగ్గర చట్టం దేశం కంటే ముందు నడిచింది. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. కాకపోతే అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చి ఆ తేడా తీసేసింది. తండ్రి ఆ తేదీకి బతికి లేకపోయినా కూతురి హక్కు కూతురిదేనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు పద్ధతిగా పంపకం అయిపోయి ఉంటే మాత్రం దాన్ని తిరగదోడలేరు. "ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం" అంటే కోర్టు అంత తేలిగ్గా నమ్మదు.

లెక్క చేసి చూద్దాం. తొమ్మిదెకరాల తాతల నాటి భూమి. తండ్రి, కొడుకు, కూతురు, తల్లి ఉన్నారు, నానమ్మ లేదు. భాగం తండ్రికి మూడు, కొడుక్కి మూడు, కూతురికి మూడు. మన ప్రాంతంలో ఆ పంపకంలో భార్యకు వాటా రాదు. తండ్రి వీలునామా లేకుండా పోయారు. ఆయన మూడెకరాలు తల్లికి ఒకటి, కొడుక్కి ఒకటి, కూతురికి ఒకటి. చివరికి కూతురికి నాలుగు, కొడుక్కి నాలుగు, తల్లికి ఒకటి. అదే తండ్రి సొంత సంపాదన అయితే ఆయన ఇష్టం, ఎవరికైనా రాయవచ్చు. రాయకుండా పోతే ముగ్గురికీ సమానం. ముస్లిం కుటుంబాల్లో కూతురి వాటా కొడుకు వాటాలో సగం. సగమే అయినా అది పూర్తిగా ఆమెది, ఎవరూ "పెళ్లికి ఖర్చుపెట్టాం" అని తీసివేయడానికి లేదు.

ఆ మాట హిందూ ఇళ్లలోనే ఎక్కువ వినపడుతుంది. కట్నం ఇచ్చాం కదా, వాటా దేనికి అని. కట్నం ఇవ్వడం 1961 నుంచి నేరం, దాన్ని వాటాలో జమ కట్టుకోవడం ఇంకో వింత. మరి కొన్ని ఇళ్లలో "పసుపు కుంకుమల కింద రెండెకరాలు ఇచ్చాం" అంటారు. కాగితం ఏదీ అంటే లేదు. స్థిరాస్తి దానం చెల్లాలంటే రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఇచ్చిన నాన్న ఉన్నంతకాలం అల్లుడు దున్నుకుంటాడు. ఆయన పోయిన ఏడాది అన్నదమ్ములు గట్టు మీదికి వస్తారు. పసుపు కుంకుమలు నిజంగా ఇవ్వాలనుకున్న నాన్న పెళ్లి నెలలోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి.

పెద్ద ప్రమాదం ఎక్కడంటే హక్కు విడుదల దస్తావేజు దగ్గర, అంటే నా వాటా వదులుకున్నానని రాసిచ్చే కాగితం దగ్గర. తండ్రి పోయిన పదకొండో రోజో, నెల మాసికం నాడో, "లోను కోసం, పేరు మార్పు కోసం, ఊరికే ఒక సంతకం పెట్టి పో అక్కా" అంటారు. ఏడుపులో ఉన్న మనిషి కాగితం చదవదు. రిజిస్టరు అయిన విడుదల పత్రాన్ని తరవాత రద్దు చేయించాలంటే కోర్టుకే వెళ్లాలి, మోసం జరిగిందని రుజువు చేయాలి. అందుకని దుఃఖంలో ఉన్నప్పుడు ఏ సంతకమూ పెట్టకండి. "సంవత్సరీకం అయ్యాక చూద్దాం తమ్ముడూ" అనండి. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేరు.

ఈలోగా మీరు చేయాల్సిన పని ఒకటుంది. సర్వే నంబర్లతో ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయించండి, ముప్పై ఏళ్లకు. ఆ భూమి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు, దానాలు అన్నీ వరసగా కనపడతాయి. ఏదైనా తెలియని దస్తావేజు కనపడితే దాని నంబరు పట్టుకుని సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. పట్టాదారు పుస్తకంలో అన్న పేరు ఒక్కటే ఉందని బెంబేలు పడొద్దు. రెవెన్యూ రికార్డులో పేరు శిస్తు కోసం, దానంతట అది మీ హక్కును చంపేయదు. కానీ గడియారం తిరుగుతూనే ఉంటుంది. "నీకు వాటా లేదు" అని తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్ల లోపు దావా వేయాలి. వకీలు ఫీజుకు భయపడకండి. ఆదాయం ఎంత ఉన్నా సరే, ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100.

భర్త వ్యాపారస్తుడో, అప్పుల మీద నడిచే రైతో అయితే ఇంకో చిట్కా. ఆయన తన మీద జీవిత బీమా తీసుకునేటప్పుడు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకోమనండి. అదనంగా ఒక్క ఫారం, ప్రీమియం అదే. రేపు ఆయన అప్పులు మిగిల్చి పోయినా అప్పిచ్చినవాళ్లు ఆ డబ్బు ముట్టుకోలేరు, అది భార్యాబిడ్డలది. పాలసీ తీసుకునే రోజే ఆ ఫారం ఇవ్వాలి, తరవాత చేరుస్తామంటే కుదరదు. ఏజెంట్లు దీని గురించి తమంతట తాము చెప్పడం అరుదు.

చివరగా, స్వతంత్రంగా బతికే ఆడవాళ్లు అందరికంటే ఎక్కువ నష్టపోయే చోటు. 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన కేసు. పెళ్లయిన మూడు నెలలకే భర్త పాము కరిచి పోయాడు. అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసింది, బ్యాంకులో డబ్బు, ప్రావిడెంట్ ఫండు కూడబెట్టింది. వీలునామా రాయకుండా 1996లో పోయింది. తల్లి అడిగింది. కోర్టు ఏమంది? చట్టం ప్రకారం ఆ ఆస్తి భర్త అక్కచెల్లెళ్లలో ఒకరి కొడుకులకు చెందుతుందని. అవును, వెళ్లగొట్టిన ఇంటివాళ్లకే. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్‌లో వరస అట్లా ఉంది. ఆడమనిషి సొంత సంపాదన ముందు పిల్లలకు, భర్తకు. వాళ్లు లేకపోతే భర్త వారసులకు. ఆ తరవాతే కన్న తల్లిదండ్రులకు. మగవాడు పోతే తల్లి మొదటి వరసలోనే ఉంటుంది, ఆడమనిషి పోతే ఆమె తల్లి వెనక వరసలో నిలబడాలి. ఈ సెక్షన్ మీద నాకు గౌరవం లేదు, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

దీనికి విరుగుడు ఒక్క కాగితం. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. తేదీ, మీ పూర్తి పేరు, ఇంతకుముందు రాసినవి రద్దు అన్న ఒక వాక్యం రాయండి. భూమికి సర్వే నంబరు, హద్దులు. ఖాతాలకు బ్యాంకు, బ్రాంచి, నంబరు. బంగారానికి గ్రాములు, "నగలన్నీ" అని రాస్తే గొడవే. ఎవరికి ఏది అన్నది పేరు, మీకు ఏమవుతారు అన్నది కలిపి రాయండి. ప్రతి పేజీ మీద సంతకం. చివర ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి సంతకం పెట్టాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి, మీకంటే చిన్నవాళ్లను పెట్టండి, రేపు కోర్టులో నిలబడాల్సింది వాళ్లే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు, ఎన్నిసార్లయినా.

నామినీ పెట్టాం కదా, వీలునామా దేనికి అంటారు. బ్యాంకు నామినీకి డబ్బు చేతికిస్తుంది, అంతవరకే. అది వారసుల తరఫున పట్టుకున్న డబ్బు. అందుకని నామినీ పేరూ, వీలునామాలో పేరూ ఒకటే ఉండేట్టు చూసుకోండి. రాసిన కాగితం బీరువాలో పట్టుచీరల కింద పెట్టి ఎవరికీ చెప్పకపోతే లాభం లేదు. ఎక్కడుందో ఒక్కరికైనా చెప్పండి, ఆ ఒక్కరు ఇంట్లో మనిషి కానక్కర్లేదు.

నమూనా వీలునామా, ఫోన్ నంబరు మార్పు ఫారం ముందు బల్ల మీద పెట్టారు, తెలుగులోనే ఉన్నాయి. ఇక ప్రశ్నలు అడగండి. మొదట వెనక వరసవాళ్లకు మైకు ఇవ్వండి.